బోర్డు నిండుగానే ఉంది

ఆ షెడ్డులో ఒకప్పుడు సుత్తి కావాలంటే ముందు దేవుడికి మొక్కుకోవాల్సి వచ్చేది. పెద్దమేస్త్రి బతికున్న రోజులవి. ఇంజను శబ్దం విని జబ్బేమిటో చెప్పగలిగే మనిషే గానీ, స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టాడో మాత్రం ఆయనకు తెలిసేది కాదు. టైర్ల కింద స్పానర్లు, స్పానర్ల కింద నూనె గుడ్డలు, నూనె గుడ్డల కింద ఎప్పటివో టీ గ్లాసులు. పగలంతా పని చేశామని అందరూ నడుములు పట్టుకునేవాళ్లు గానీ, అందులో సగం వెతుకులాటే. బాగు చేసి పంపిన బండి వారం తిరక్కుండా మళ్లీ గుమ్మంలో నిలబడేది, నట్టు బిగించలేదనో, ఒకటి వేయాల్సిన చోట ఇంకొకటి వేశారనో. "మీ దగ్గర బండి బాగవ్వదు, రెస్టు తీసుకుంటుంది" అని ఒక లారీ డ్రైవరు అన్న మాట ఆ వీధిలో చాలాకాలం తిరిగింది.

పెద్దమేస్త్రి గుండె ఆగి పోయాక షెడ్డు తాళాలు ఆయన భార్య చేతికి వచ్చాయి. ఆయన తమ్ముడు ఆమెను వదినా అనేవాడు కాబట్టి పనివాళ్లు వదిన అన్నారు. పనివాళ్లు అన్నారు కాబట్టి వచ్చేపోయేవాళ్లూ అన్నారు. చివరికి తండ్రి వయసున్న డ్రైవర్లకు కూడా ఆమె వదినే అయింది. ఇంజను గురించి ఆమెకు ఏమీ తెలియదు. తెలియదని దాచుకోనూ లేదు. కొన్నాళ్లు ఒక మూల స్టూలు వేసుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి చీపురు తెప్పించింది.

ఆ తమ్ముడే చిన్నమేస్త్రి. మంచి పనివాడు. అన్న దగ్గరే నేర్చుకున్నాడు. అన్న చెయ్యీ వచ్చింది, అన్న చిందరవందరా వచ్చింది. చీపురు చూసి అతను పగలబడి నవ్వాడు.

"ఇదేమన్నా ఆస్పత్రా వదినా, షెడ్డు!"

"ఆస్పత్రే మరి. రోగులు చక్రాల మీద వస్తున్నారు, అంతే తేడా" అంది వదిన.

ఆమె షెడ్డులో ఉన్నదంతా బయట ఎండలో పోయించింది. పనికొచ్చేది ఒక పక్క, పనికిరానిది ఒక పక్క. పనికిరాని కుప్ప పెద్దదైపోయి సందు దాకా పాకింది. నల్లగా జిడ్డు కట్టిన నేలను గీకించి లేత రంగు వేయించింది. ఒక్క చుక్క నూనె కారినా అది ఏ బండి కిందిదో ఇట్టే తెలిసిపోవాలని. గోడకు ఒక పెద్ద చెక్క బోర్డు కొట్టించి, ప్రతి పనిముట్టునూ దాని మీద ఆనించి చుట్టూ గీత గీసి, లోపల నల్లరంగు నింపింది. సుత్తి తీస్తే సుత్తి నీడ మిగులుతుంది. స్పానరు తీస్తే స్పానరు నీడ. ఎవరి సొంత పెట్టెలు వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మంది. ఇక మీదట అందరిదీ ఒకే బోర్డు. సాయంత్రం ఆ బోర్డు నిండితేనే షట్టరు దిగుతుంది.

"ఖాళీ కనబడితే నేనెవర్నీ తిట్టను. అందరం కలిసి వెతుకుదాం. దొరక్కపోతే ఆ రోజు బయటికెళ్లిన బళ్లను వెనక్కి పిలుద్దాం. అది ఏ బండి కడుపులో పడుందో తెలీకుండా ఇంటికెళ్తే నాకు నిద్ర పట్టదు."

చిన్నమేస్త్రి ఆ బోర్డుకు బొమ్మల కొలువని పేరు పెట్టాడు. కానీ కొన్ని నెలలు తిరిగేసరికి వెనక్కి వచ్చే బళ్లు తగ్గిపోయాయి. చీకటి పడ్డాక కూడా సాగే పని పొద్దు ఉండగానే అయిపోతోంది. బండి కింద పడుకుని చెయ్యి చాపితే కావలసింది చేతికి వస్తోంది. దీనికంతటికీ చీపురూ బోర్డే కారణమని అతనికి తెలుసు. ఒప్పుకుంటే నోటి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఎన్నడూ ఒప్పుకోలేదు. ఒక్క విషయంలో మాత్రం మాట వినలేదు. అన్న ఇచ్చిన సొంత పనిముట్ల సంచిని స్కూటరు డిక్కీలో అలాగే ఉంచుకున్నాడు. అది అన్న జ్ఞాపకమని అతను అనుకునేవాడు. మొండితనమని నేనంటాను.

ఒక సాయంత్రం స్కూలు వ్యాను ఒకటి పనికి వచ్చింది. దాన్ని నడిపే ముసలాయన్ని పిల్లలు హారన్ తాత అంటారు. హారన్ కొట్టడు కాబట్టి ఆ పేరు. నిద్రపోయే పిల్లలు ఉలిక్కిపడతారని ఆయన బాధ. గుమ్మం ముందు వ్యాను ఆపి, దిగి, నడుచుకుంటూ వెళ్లి తలుపు కొట్టి పిల్లను తీసుకొచ్చేవాడు గానీ హారన్ మీద చెయ్యి వేసేవాడు కాదు. స్టీరింగు బిగుసుకుపోతోందని వ్యాను తెచ్చాడు. చిన్నమేస్త్రి కిందికి దూరి పని చేశాడు, పక్కన నిదానం పనిముట్లు అందించాడు. నిదానం అంటే అక్కడ పనిచేసే ఇంకో మెకానిక్కు. ఏం చెప్పినా "నిదానం అన్నా, నిదానం" అంటాడని ఆ పేరు స్థిరపడిపోయింది. పని అయ్యాక తాత చక్రం అటూ ఇటూ తిప్పి చూసి, సంతోషించి, వ్యాను తీసుకుని వెళ్లిపోయాడు.

ఊడవడం, తుడవడం అయింది. అందరూ బోర్డు ముందుకు వచ్చారు. పదిహేడో నంబరు రింగు స్పానరు చోట నల్లటి నీడ మాత్రమే ఉంది.

ఆ రోజు టీవీలో ఫైనల్ మ్యాచ్. ఎదురు టీకొట్లోంచి అప్పటికే కేకలు వినపడుతున్నాయి. ఒక కేక వినపడ్డప్పుడల్లా చిన్నమేస్త్రి మెడ అటు తిరిగేది. బెంచీల కింద చూశారు, రేకుల వెనక చూశారు. వదిన ఆఫీసు గదిలో స్పేరుపార్టుల వాడితో ఫోనులో ఉంది.

"వ్యాన్లో వదిలేశామేమో అన్నా. తాతకి ఫోన్ చేద్దామా?" అన్నాడు నిదానం.

"ఆయన రావాలి, మళ్లీ కిందికి దూరాలి, మళ్లీ చేతులు కడుక్కోవాలి. ఇక్కడే ఎక్కడో చచ్చుంటుంది, వెతుకు."

నిదానం పాత నూనె తొట్టి జరిపి చూడటానికి వెనక్కి వెళ్లాడు. ఎదురుగా టీకొట్టు ఘొల్లుమంది. చిన్నమేస్త్రి స్కూటరు దగ్గరికి నడిచాడు. డిక్కీ తెరిచాడు. అన్న సంచిలోంచి పదిహేడో నంబరు తీసి, ప్యాంటుకు తుడిచి, తెచ్చి బోర్డుకు తగిలించాడు. ఒకే కంపెనీది. నీడలో అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"దొరికింది!" అని అరిచాడు.

"ఎక్కడ?"

"బెంచీ వెనకాల."

"అక్కడ నేను చూశానే!"

"నీ చూపు కూడా నిదానమే కదరా" అన్నాడు చిన్నమేస్త్రి. ఇద్దరూ నవ్వారు. వదిన గదిలోంచి వచ్చి బోర్డును పైనుంచి కింద దాకా చూసి "సరే, పదండి" అంది. షట్టరు దిగింది. చిన్నమేస్త్రి ఆట చూశాడు, గెలిచినప్పుడు కుర్చీ ఎక్కి ఎగిరాడు.

మర్నాడు అందరికంటే ముందు షెడ్డుకు వచ్చి చీపురు పట్టింది అతనే. వదిన వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఇవాళ సూర్యుడు పడమటి దిక్కున గానీ పొడిచాడా?"

అతను నవ్వలేక నవ్వాడు. బల్లలు జరిపాడు, చాపలు దులిపాడు, కాలవ మీద రేకు ఎత్తి లోపల చెయ్యి పెట్టి కెలికాడు. స్పానరు దొరకాలి, దొరికితే తన దాన్ని తీసేసి దీన్ని తగిలించాలి, అంతటితో కథ కంచికి పోవాలి. అది దొరకలేదు. షెడ్డు మాత్రం అద్దంలా తయారైంది. మధ్యాహ్నం హారన్ తాతకు ఫోన్ చేశాడు.

"స్టీరింగు ఎలా ఉంది తాతా?"

"వెన్నలా తిరుగుతోందిరా అబ్బాయ్! నీ చెయ్యి చల్లగుండ."

ఒకసారి వ్యాను తీసుకురా తాతా అనాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకని ఆయన అడుగుతాడు. ఆయన అడగకపోయినా వ్యాను మళ్లీ ఎందుకొచ్చిందని వదిన అడుగుతుంది. అప్పుడు బోర్డు సంగతి చెప్పాలి. "జాగ్రత్త తాతా" అని ఫోన్ పెట్టేశాడు. వెన్నలా తిరుగుతోందన్నాడు కదా, లోపల ఏదైనా ఉంటే అలా తిరుగుతుందా అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, రోజూ కాస్త కాస్త తాగాడు.

అన్నిటికంటే కష్టమైంది వదిన మెచ్చుకోవడం. తిట్టి ఉంటే ఎదురు తిరిగేవాడు, అది అతనికి అలవాటే. ఆమె మెచ్చుకుంది. కొత్తగా ఎవరు వచ్చినా "మా చిన్నాని చూడండి, మొదట్లో నా చీపురుని చూసి నవ్వినవాడే, ఇప్పుడు నాకే వంక పెట్టేలా ఊడుస్తున్నాడు" అని చెప్పుకుంది. ఒక రోజు బోర్డు తుడుస్తుంటే పక్కకొచ్చి నిలబడింది.

"మీ అన్న ఉంటే నిన్ను చూసి మురిసిపోయేవాడు చిన్నా."

అతను గుడ్డ పిండే నెపంతో కుళాయి దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ నీళ్లు తిప్పి, చేతులు తడపకుండానే చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు ఇంట్లో ముద్ద దిగలేదు. ఏమైందని భార్య అడిగితే కడుపు బాగాలేదన్నాడు. ఆ మాట అబద్ధమేమీ కాదు.

వ్యాను గోడకు గుద్దుకుందన్న వార్త టీకొట్టు నుంచి నిదానం తెచ్చాడు. అప్పుడు చిన్నమేస్త్రి ఒక కారు కింద పడుకుని ఉన్నాడు.

"స్కూలు ముందు మలుపులో స్టీరింగు తిరిగింది తిరిగినట్టే బిగుసుకుపోయిందట వదినా. మెల్లగా పోతోంది కాబట్టి సరిపోయింది. పిల్లలకి దెబ్బలేం లేవంట, ముందు సీట్లో పిల్లకి మాత్రం నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. తాత ఆ పిల్ల మీదకి ఒరిగి అడ్డం పడ్డాట్ట. ఆయన భుజం ఎముక విరిగింది."

వదిన చెప్పులు వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. చిన్నమేస్త్రి కారు కింద నుంచి బయటికి రాలేదు. పైన ఇంజను నుంచి ఒక చుక్క అతని చెంప మీద పడింది, తుడుచుకోలేదు. దేవుడా, అది కాకూడదు, ఇంకేదైనా కావాలి అని మొక్కుకున్నాడు. అది అదేనని అతని ఒళ్లంతటికీ తెలుసు.

మర్నాడు స్కూలు మేనేజరు ప్లాస్టిక్ కవరులో పెట్టి పదిహేడో నంబరు రింగు స్పానరు తీసుకొచ్చాడు. వ్యాను అడుగున ఛాసిస్ చట్రం మీద ఎక్కడో ఇరుక్కుని ఉండి, కుదుపులకు జరిగి జరిగి, స్టీరింగ్ రాడ్డుకి అడ్డం పడిందని చెప్పాడు.

"వ్యాను చివరిసారి పనికొచ్చింది మీ దగ్గరికే కదమ్మా. ఇది మీదేనా?"

వదిన ముఖం పాలిపోయింది. కవరు తీసుకుని తిన్నగా బోర్డు దగ్గరికి నడిచింది. పదిహేడో నంబరు దాని చోట అది వేలాడుతోంది. ఆమె ఊపిరి వదలడం షెడ్డంతటికీ వినపడింది.

"మాది మా దగ్గరే ఉంది చూడండి. ఇది నిండకుండా మేం షట్టరు దించం. ఆ సాయంత్రం నేనే చూశాను." అతని వైపు తిరిగింది. "చిన్నా, ఆ రోజు బోర్డు నిండుగానే ఉంది కదా?"

అందరూ అతని వైపు చూశారు. చేతిలో చీపురుంది.

"నిండుగానే ఉంది వదినా" అన్నాడు.

మేనేజరు లేతరంగు నేలను చూశాడు, వరసగా వేలాడుతున్న పనిముట్లను చూశాడు, రంగుల వారీగా పేర్చిన డబ్బాలను చూశాడు. "మీ షెడ్డు చూసినవాడు ఎవడూ మిమ్మల్ని అనుమానించడమ్మా. ఆ ముసలాయన సీటు కింద ఏవేవో సామాన్లు పెట్టుకుంటాడు. తనే ఏదో కెలికి మర్చిపోయి ఉంటాడు. వయసైపోయింది. ఇక పిల్లల్ని ఆయన చేతిలో ఎలా పెడతాం?" అని వెళ్లిపోయాడు. ఇంత శుభ్రంగా లేని షెడ్డు అయి ఉంటే ఆ మనిషి పది ప్రశ్నలు అడిగేవాడు. అబద్ధానికి ఇంత శుభ్రమైన ఇల్లు దొరకడం అరుదు.

సాయంత్రం చేతులు కడుక్కునే చోట నిదానం మెల్లిగా అడిగాడు.

"అన్నా, ఆ రోజు బెంచీ వెనకే కదా దొరికింది?"

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? నేనేమన్నా దొంగనా?" అని అతను అంత గట్టిగా అరిచేసరికి నిదానం సబ్బు కింద పడేసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు. నిదానం వంగి సబ్బు తీసి కడిగి దాని చోట దాన్ని పెట్టాడు.

హారన్ తాతను పనిలోంచి తీసేశారు. చిన్నమేస్త్రి తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. షెడ్డుకు వస్తే బోర్డు, ఇంటికి పోతే టీవీ. చెప్పేస్తే ఏమవుతుందో రకరకాలుగా ఊహించుకున్నాడు. వదిన తన నోటితో మాట ఇచ్చింది, ఆ మాట అబద్ధమవుతుంది. షెడ్డు పేరు పోతుంది, అన్న పేరు పోతుంది, నిదానం కూడు పోతుంది. ఇంతమంది కోసం నోరు మూసుకున్నానని తనకు తను చెప్పుకున్నాడు. నిజానికి అతను మూసుకున్నది తన ఒక్కడి కోసం. వదిన కళ్లు తన వైపు చూసే తీరు మారిపోతుందని భయం. ఆ సంగతి అతనికి తెలుసు, తెలిసినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

ఒక మధ్యాహ్నం వదిన సంచిలో పళ్లు సర్దింది.

"తాతని చూసొద్దాం రా. తప్పు ఆయనదే అనుకో, అయినా మన మనిషి కదా. ఆ వయసులో ఇంట్లో కూర్చోబెడితే ఏమైపోతాడు?"

రానని చెప్పడానికి అతనికి ఒక్క సాకూ దొరకలేదు.

తాత ఇల్లు మేడ మీద రెండు గదులు. మెట్ల మలుపులో ఎవరిదో సైకిలు. ముందు గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీలో ఆరేసిన తువ్వాలు. చెయ్యి మెడకు వేలాడదీసిన గుడ్డలో పెట్టుకుని తాత కుర్చీలో కూర్చున్నాడు. కిటికీ వైపు కాదు, గోడ వైపు. వాళ్లను చూసి గబగబా లేవబోయాడు.

"కూర్చో తాతా, కూర్చో" అంది వదిన.

"లేదమ్మా. నేనే నీ దగ్గరికి రావాలనుకున్నాను. కాళ్లు ఆడలేదు." బాగున్న చెయ్యి ఒక్కటే ఎత్తి దణ్ణం పెట్టాడు. రెండో చెయ్యి కలవక ఆ దణ్ణం సగమే అయింది. "నీ షెడ్డుకి మచ్చ తెచ్చాను తల్లీ. మేనేజరు నిన్ను కూడా అడిగాడంట కదా. నీ దగ్గర తప్పెందుకుంటుంది? నాకిప్పుడు గుర్తొచ్చింది."

"ఏం గుర్తొచ్చింది తాతా?"

"ఆ స్పానరు నేనే పెట్టాను." కళ్లు మూసుకుని చెప్పాడు, పాఠం అప్పజెబుతున్నట్టు. "మొదట్లో గుర్తులేదు. నాది కాదు నాది కాదు అన్నాను. రోజూ కూర్చుని ఆలోచించగా ఆలోచించగా గుర్తొచ్చింది. ఒకరోజు పొద్దున ఏదో చప్పుడు అవుతుంటే కిందికి వంగాను. చేతిలో ఏదో ఉన్నట్టే ఉంది. అదే అయ్యుంటుంది. ఇంకెవరు పెడతారు? ముసలి బుర్ర, మర్చిపోయింది. ఆ పసిదాని నుదుటి మీద... అమ్మా, దేవుడు చూశాడు కాబట్టి నుదుటితో పోయింది. అందర్నీ చంపేసేవాణ్ణి."

వదిన కళ్లు తుడుచుకుంది. "పోనీలే తాతా. ఎవరికైనా జరిగేదే."

చిన్నమేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇక అతను ఏమీ చెయ్యక్కర్లేదు. తప్పు దానంతట అదే ఒక యజమానిని వెతుక్కుంది, ఆ యజమాని ఒప్పుకుని సంతకం కూడా పెట్టేస్తున్నాడు. మెట్లు దిగిపోతే చాలు. ఆ ముసలాయన చెయ్యని పనిని, చూడని స్పానరును, ఒక్కొక్క రోజూ కాస్త కాస్త తన చేతిలోకి తెచ్చుకుని గుర్తు చేసుకున్నాడు. నా స్పానరును ఆయన చేతిలో పెట్టింది నేనే అనుకున్నాడు చిన్నమేస్త్రి.

"నువ్వు పెట్టలేదు తాతా."

తాత కళ్లు తెరిచాడు.

"నువ్వు పెట్టలేదు. అది మా స్పానరు. వ్యాను కింద నేనే వదిలేశాను."

"ఏం మాట్లాడుతున్నావ్ చిన్నా?" అంది వదిన. "బోర్డు నేను చూశానుగా."

"నువ్వు చూసింది అన్న స్పానరు వదినా. నా డిక్కీలోది. నువ్వు గదిలో ఉన్నప్పుడు తెచ్చి తగిలించాను. అది ఇంకా అక్కడే ఉంది." మొదలుపెట్టాక ఆగలేకపోయాడు. నిదానం ఫోన్ చేద్దామన్నాడని చెప్పాడు, వద్దన్నది తనేనని చెప్పాడు, మర్నాడు తాతకు ఫోన్ చేసి కూడా అసలు మాట మింగేశానని చెప్పాడు. మేనేజరు ముందు నువ్వు అడిగినప్పుడు అబద్ధమాడానని చెప్పాడు.

వదిన చేతిలో పళ్ల సంచి అలాగే ఉంది. ఆమె అతన్ని తిట్టలేదు. ఏదో తెలియని చోటు నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. ఇన్నాళ్లూ అతను భయపడిన చూపు అదే. వచ్చేసింది.

"ఎందుకురా?" అని తాత అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. "అంత అవసరమేమొచ్చింది? ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

ఆ ప్రశ్నకు ఒక మంచి జవాబు ఉండి ఉంటే చిన్నమేస్త్రి ప్రాణమైనా ఇచ్చేవాడు.

"టీవీలో మ్యాచ్ ఉంది తాతా."

కింద సందులో ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు. తాత అతన్ని చూస్తూనే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"అయితే నేను కాదా?"

"కాదు తాతా."

"నేను కిందికి వంగాను కదా, చేతిలో..."

"నీ చేతిలో ఏం లేదు. నువ్వు కాదు."

"ఏమేవ్!" అని తాత లోపలికి కేక వేశాడు. ఎన్నడూ హారన్ కొట్టని మనిషి, ఆ కేకకు వదిన ఉలిక్కిపడింది. వంటగదిలోంచి ఆయన భార్య తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఇటు రా. ఈ అబ్బాయి ఏమంటున్నాడో విను. చెప్పరా, మళ్లీ చెప్పు. మొదట్నుంచీ చెప్పు."

అతను మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. మ్యాచ్ సంగతి కూడా చెప్పాడు. ముసలావిడ వింటూ వింటూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిద్రలో లేచి పిల్లల పేర్లు పిలుస్తున్నాడు బాబూ" అంది చివరికి. "వీళ్లంతా ఉన్నారా, దిగారా అని నన్ను లెక్కపెట్టమంటాడు."

వదిన సంచి కింద పెట్టి ఫోన్ తీసింది. "మేనేజరు గారూ, ఆ స్పానరు మాదే. అవును, మా షెడ్డుదే. నేను చూసింది తప్పు. తాత తప్పేమీ లేదు. మీరేం చేయాలో చేయండి, రేపు నేనే వచ్చి రాసిస్తాను" అని చెప్పి పెట్టేసింది. చిన్నమేస్త్రి వైపు చూడలేదు.

తాత లేచాడు. ఒంటి చేత్తో గోడ పట్టుకుని గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

"ఎక్కడికి తాతా?" అంది వదిన.

"ఆ పిల్ల వాళ్ల ఇంటికి. నేను పోయినవారం వెళ్లానమ్మా. తప్పైపోయింది, క్షమించమని ఆ తల్లి కాళ్ల మీద పడ్డాను. నా బిడ్డ ముఖం చూడాలనుకోకు అని తలుపు వేసేసింది. వెయ్యదా మరి? న్యాయమే అనుకుని వచ్చేశాను." చెప్పులో కాలు దూర్చాడు. "ఇప్పుడు వీడు చెప్తాడు. రారా, పద."

"రేపు వెళ్దాం తాతా, నువ్వు..."

"ఇప్పుడే" అన్నాడు తాత.

ఆ ఇల్లు రెండు సందుల అవతలే. ముందు తాత నడిచాడు, వెనక చిన్నమేస్త్రి, ఆ వెనక కాస్త దూరంగా వదిన. గేటు దాకా వేగంగా వచ్చిన తాత గుమ్మం ముందు ఆగిపోయి, పక్కకు తప్పుకుని, గడప కింద మెట్టు మీద తల వంచుకుని నిలబడ్డాడు.

"నువ్వే తలుపు తట్టు" అన్నాడు.

చిన్నమేస్త్రి తట్టాడు. లోపల చిన్న అడుగుల పరుగు వినపడింది. తలుపు తీసింది ఆ పిల్లే. నుదుటి మీద కుట్ల చోట తెల్లటి పట్టీ ఉంది. తన ఎదురుగా ఉన్న మనిషి ఎవరో దానికి తెలియదు. అతని పక్కనుంచి తల వంచి, కింద మెట్టు మీదకు చూసి, ముఖం వెలిగించుకుంది.

"అమ్మా, తాత వచ్చాడు!"

"ఎవరే?" అంటూ తల్లి వస్తున్న అడుగుల చప్పుడు. ఆమె గుమ్మంలోకి వచ్చింది, తాతను చూసింది, తలుపు మీద చెయ్యి వేసింది.

"ఆ తప్పు నాదమ్మా" అన్నాడు చిన్నమేస్త్రి.